ఇచ్ఛాపురం పక్కన నాగావళి: ఫెయిలైన ఒక ప్రాజెక్టు కేస్ స్టడీ

వైవా మొదలై నాలుగైదు నిమిషాలు అయిందేమో. కమిటీలో ఉన్న సీనియర్ లెక్చరర్ గారు రిపోర్టు ఏడో పేజీ దగ్గర ఆగి, కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"మీది ఏ ఊరమ్మా?"

"ఇచ్ఛాపురం దగ్గర సార్."

"అక్కడ ఏ ఏరు పారుతుంది?"

"బాహుదా సార్."

"మరి ఇందులో మీ ఊరి పక్కన నాగావళి పారుతోందే! ఇక్కడ మన వంతెన కింద ఉండాల్సిన నాగావళి అంత దూరం ఎప్పుడు వెళ్లింది?"

తమ వంతు కోసం వెనక కూర్చున్న పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు, ఏడవలేదు, తల కూడా దించుకోలేదు. గోడ మీద వేలాడుతున్న ఆవర్తన పట్టిక వైపు చూస్తూ నిలబడిపోయింది. నేను ఆ సార్ పక్క కుర్చీలోనే ఉన్నాను, మెంటార్ హోదాలో. ఆ రిపోర్టు రెండో పేజీలో "ఈ పని నా పర్యవేక్షణలో జరిగింది" అన్న వాక్యం కింద ఉన్న సంతకం నాది.

నేను శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. అమ్మాయి పేరు, ఊరి పేరు రాయడం లేదు. ఇది రాశాక ఆమెకి చదవమని ఇచ్చాను. రెండు చోట్ల "అలా జరగలేదు మేడమ్" అని దిద్దింది. ఒక చోట ఆమె చెప్పిందే నిజం, మార్చాను. రెండో చోట మాకు ఇంకా కుదరలేదు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలు మొదటి ఏడాది అయ్యాక వేసవి సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. 180 గంటల పని, 4 క్రెడిట్లు. ఒక ఊరు ఎంచుకుని ఇంటింటికీ తిరిగి సర్వే చేయాలి, అక్కడి సమస్య ఒకటి పట్టుకుని దాని మీద ఏదైనా చేయాలి, రోజూ లాగ్ బుక్ రాయాలి, చివర్లో రిపోర్టు పెట్టి వైవాకి రావాలి. ఆలోచన మంచిదే. కానీ జూలై వచ్చేసరికి డీటీపీ షాపుల్లో పోయినేడాది రిపోర్టులన్నీ కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంటాయి. పేరు, హాల్‌టికెట్ నంబరు, ఊరి పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేసి, పైన ప్లాస్టిక్ అట్ట వేసి చేతిలో పెడతారు. ఈ సంగతి పిల్లలకి తెలుసు, మాకూ తెలుసు. 2024 వేసవి బ్యాచ్‌లో నా కింద 23 మంది ఉన్నారు. 23 రిపోర్టులు మూడు రోజుల్లో చూడాలి. చూడలేదు. అట్టలు తిప్పి, ఫోటోలు ఉన్నాయా లేదా అని మాత్రం చూసి సంతకాలు పెట్టాను.

కమిటీ ఆమెకి పాస్ మార్కులు వేయలేదు. అయితే మొత్తం కొట్టేయకుండా ఆరు వారాల గడువిచ్చి, మళ్లీ చేసి తెమ్మంది.

మొదటి మూడు రోజులు నేను చేసిన తప్పులు

వైవా అయిన గంటలోపే స్టాఫ్ రూమ్‌కి పిలిచి తిట్టాను. అక్కడ ఇంకో నలుగురు లెక్చరర్లు ఉన్నారు. "నా సంతకం పరువు తీశావు" అన్నాను. ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది. చదవకుండా పెట్టిన సంతకానికి ఏం పరువు?

రెండో రోజు వాళ్ల నాన్నకి ఫోన్ చేశాను. ఆయన చెన్నైలో బిల్డింగు పనుల్లో ఉన్నారు. వెనక మిక్సర్ శబ్దం. నేను చెప్పిందంతా విని, చాలాసేపు ఆగి, "మా గుంట ఏటి సేసినాది మేడమ్? ఫైను కట్టాలేటి? ఎంత?" అన్నారు. ఎంత వివరించినా ఆయనకి అర్థమైంది ఒక్కటే, డబ్బు కట్టకపోతే కూతుర్ని కాలేజీ నుంచి పంపేస్తారని. ఆ సాయంత్రమే హాస్టల్‌కి ఫోన్ చేసి ఆమెని తిట్టారట, తర్వాత ఆయనే ఏడ్చారట. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమె. ఇలాంటి ఇంటికి ఇలాంటి ఫోన్ ఎప్పుడు చేయాలో, ఎవరు చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ ఆలోచించలేదు.

మూడో రోజు ఆమె కాలేజీకి రాలేదు. నాలుగో రోజూ రాలేదు. "ఊరెళ్లిపోతానంటోంది మేడమ్, టీసీ అడుగుతాదంట" అని రూమ్మేట్ చెప్పింది. అప్పుడు నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది.

హాస్టల్‌కి వెళ్లాను. వార్డెన్ గదిలో కూర్చోబెట్టారు. తిట్టడానికి కాదని చెప్పడానికే పది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత నేను అడిగిన ప్రశ్న ఏ ప్లానుతోనూ అడిగింది కాదు, మాటలు తోచక అడిగింది. "వేసవంతా ఊళ్లోనే ఉన్నావు కదమ్మా, ఏం చేశావు మరి?"

"సర్వే చేశాను మేడమ్."

"ఏ సర్వే?"

లేచి వెళ్లి, ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చింది.

ఆ నోట్‌బుక్

ఈ కేసంతా నిజానికి ఆ నోట్‌బుక్ గురించే. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

64 ఇళ్లు. ప్రతి ఇంటికీ ఒక పేజీ. పైన ఇంటి పెద్ద పేరు, కింద స్కేలుతో గీసిన గళ్లు: తాగడానికి ఏ నీళ్లు, వంటకి ఏ నీళ్లు, స్నానానికి ఏ నీళ్లు, ఎవరు మోస్తారు, నెలకి ఎంత ఖర్చు. ఆమె ఊరు ఉద్దానంలో ఉంది, అంటే కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఇచ్ఛాపురం, పలాస వైపు ప్రాంతం. అక్కడ నీళ్లంటే ఏమిటో ఆ ప్రాంతం వాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. కొబ్బరి, జీడి తోటల మధ్య పచ్చగా కనిపించే ఊళ్లు. ఇంటి పెరట్లో బోరు. ఆ నీళ్ల వల్లే కిడ్నీ జబ్బు వస్తుందేమోనని భయం. హిరమండలం రిజర్వాయర్ నుంచి ఏడు మండలాలకి పైపులు వేసి నీళ్లు తెచ్చే పథకం 2023 డిసెంబర్‌లో మొదలైంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా అదే రోజున తెరిచారు. అమ్మాయి సర్వే చేసింది సరిగ్గా దాని తర్వాతి వేసవిలో. అంటే కుళాయి నీళ్లు వచ్చిన కొత్తలో జనం నిజంగా వాటిని తాగుతున్నారా లేదా అన్నది ఆమె గళ్లలో ఉంది. ఆ సంగతి ఆమెకి తెలియదు.

పేజీల అంచుల్లో పెన్సిల్‌తో రాసిన మాటలు ఇంకా బాగున్నాయి. "కుళాయి నీళ్లు పప్పు బేగి ఉడుకుతున్నాదట, అందుకు వంటకి వాడతారు. తాగడానికి మాత్రం క్యాను." ఇంకో పేజీలో: "ముసలమ్మ ఒడియాలోనే మాట్లాడింది. బోరు నీళ్లకి రుచి ఉంది, కుళాయి నీళ్లు చప్పగా ఉన్నాయంది." మరో చోట: "ఈ ఇంట్లో ఇద్దరు డయాలసిస్. నీళ్ల గురించి అడగలేకపోయాను. మళ్లీ రేపు." మర్నాటి తేదీ వేసి దాని కింద: "రేపు కూడా అడగలేకపోయాను."

పప్పు బేగి, అంటే త్వరగా, ఉడకడం! కఠినత్వం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు, ఎక్కువున్న నీళ్లలో పప్పు సరిగా ఉడకదని మేం క్లాసులో చెబుతాం, ఒక మార్కు ప్రశ్నగా. ఆమె దాన్ని ఒక ఇంటి వంటగదిలో విని రాసుకుంది, కానీ అది క్లాసులో చెప్పిన విషయమేనని తట్టలేదు.

మరి చేతిలో ఇంత పని ఉన్నవాళ్లు డీటీపీ షాపుకి ఎందుకు వెళ్లారు? ఆ రోజు వార్డెన్ గదిలో రెండు గంటలు కూర్చుని నెమ్మదిగా రాబట్టిన జవాబు ఇది. నోట్‌బుక్ మొత్తం తెలుగులో ఉంది, రిపోర్టు ఇంగ్లిష్‌లో కావాలి. ఇంటర్ దాకా తెలుగు మీడియం. సీనియర్లు చూపించిన రిపోర్టులన్నీ అరవై పేజీలు, రంగు గ్రాఫులు, మొదట్లో రెండు పేజీల కృతజ్ఞతలు. వాటి పక్కన తన నోట్‌బుక్ చిత్తుపుస్తకంలా కనిపించింది. "ఇది రిపోర్టు కాదు కదా మేడమ్, ఊరికే నేను రాసుకున్నది" అంది. చివరి తేదీకి రెండు రోజుల ముందు హాస్టల్లో ఏడుగురు కలిసి షాపుకి వెళ్లారు. మనిషికి 350 రూపాయలు. ఆమెకి వచ్చిన ఫైలు బూర్జ వైపు ఊరిది. ఊరి పేరు మార్చారు, ఏరు పేరు మార్చడం మరిచారు. మిగతా ఆరుగురి ఫైళ్లలో ఏ ఏరూ లేదు, పాసైపోయారు.

ఈ చివరి ముక్క నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ ఆరుగురిలో నా విద్యార్థులు ఇద్దరున్నారు. వాళ్ల మీద ఏం చర్య తీసుకున్నారని అడగొచ్చు. ఏమీ తీసుకోలేదు. తీసుకుంటే ఈ అమ్మాయి చెప్పి పట్టించినట్టు అయ్యేది. సరైన పనేనా అంటే, నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆరు వారాలు

ముందు తేల్చుకున్నది, రిపోర్టు తిరగరాయడం కాదు మా పని అని. ఆ షాపు ఫైలు మొత్తం పక్కన పెట్టేశాం, ఒక్క వాక్యం కూడా తీసుకోకూడదని. నోట్‌బుక్కే ఆధారం. అందులో లేనిది రిపోర్టులో ఉండకూడదు. కమిటీకి ఆమె చేతనే ఒక ఉత్తరం రాయించాను: ఏం జరిగింది, అసలు చేసిన పని ఏది, ఇప్పుడు ఏం చేయబోతోంది. మొదటి చిత్తుప్రతిలో "క్షమించగలరు" అని తొమ్మిది సార్లు వచ్చింది. ఒకటి ఉంచి మిగతావి కొట్టేయమన్నాను. నా వంతుగా నేనూ ఒక పేజీ రాసి జతచేశాను, రిపోర్టు చదవకుండా సంతకం పెట్టానని. ప్రిన్సిపాల్ గారికి అది నచ్చలేదు. కానీ వెనక్కి తీసుకోమనలేదు.

మొదటి వారం లెక్కలు. 64 పేజీల్ని ఒకే పెద్ద పట్టికలోకి దించడం. ఎన్ని ఇళ్లు కుళాయి నీళ్లు తాగుతున్నాయి, ఎన్ని క్యాను కొంటున్నాయి, ఎన్ని ఇంకా బోరు మీదే ఉన్నాయి. ఇది చేస్తుండగానే ఆమె గొంతు మారింది. అంతవరకు ప్రతిదానికీ "ఏటో మేడమ్" అనేది. పట్టిక సగం అయ్యేసరికి "ఇక్కడ చూడండి మేడమ్, ఇంట్లో స్కూలు పిల్లలు ఉంటేనే క్యాను కొంటున్నారు" అని తనే వేలు పెట్టి చూపించింది. నిజమో కాదో లెక్కపెట్టించాను. పూర్తిగా నిజం కాదు, చాలావరకు నిజం. "చాలావరకు" అనే రాయమన్నాను.

రెండో వారంలో నీళ్ల నమూనాలు. శనివారం ఊరెళ్లి, ఆదివారం సాయంత్రం రైలెక్కి ఆమదాలవలసలో దిగి, ఎనిమిది సీసాలు మోసుకొచ్చింది. అన్నీ కూల్‌డ్రింకు సీసాలు. ఒకదాని మూత తీస్తే ఇంకా నారింజ వాసన. ఎనిమిదీ పారబోయించాను. ఆమె ముఖం చూడలేకపోయాను, కానీ తప్పదు. శుభ్రమైన సీసా తీసుకుని, పట్టబోయే నీళ్లతోనే రెండు మూడు సార్లు తొలిచి, అంచు దాకా నింపి, ఏ ఇల్లు, ఏ పూట అని పేరు రాసి అంటించాలని ముందే చెప్పాల్సింది నేను. చెప్పలేదు. తర్వాతి వారం మళ్లీ వెళ్లింది. ఈసారి ఆరే తెచ్చింది, సరిగ్గా తెచ్చింది.

ఆ ఆరు సీసాల మీద కఠినత్వం పరీక్ష చేశాం. ఈడీటీఏ టైట్రేషన్, అంటే ఈడీటీఏ ద్రావణాన్ని బ్యూరెట్‌లోంచి చుక్కచుక్కగా వేసి కొలవడం. ప్రాక్టికల్స్‌లో అందరూ చేసేదే, అందరూ రికార్డులో పక్కవాళ్లని చూసి రీడింగులు రాసేదే. 50 మిల్లీలీటర్ల నీళ్లు, అమ్మోనియా బఫర్, రంగు మార్పు చూపించే ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే పొడి చిటికెడు. ముదురు ఎరుపు రంగు నుంచి నీలానికి తిరగ్గానే ఆపాలి. 0.01 మోలార్ ఈడీటీఏ ద్రావణం అయితే, పడిన ఒక్కో మిల్లీలీటరుకీ లీటరు నీళ్లలో 20 మిల్లీగ్రాముల కఠినత్వం అని లెక్క. కుళాయి నీళ్లకి తొందరగానే రంగు తిరిగింది. బోరు నీళ్లకి బ్యూరెట్ దిగుతూనే ఉంది, రంగు తిరగదు. ఆమె బ్యూరెట్ దగ్గర వంగి, "అందుకే మేడమ్, అందుకే పప్పు ఉడకదు" అంది. ల్యాబ్ అసిస్టెంట్ ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు.

తాగే నీళ్లకి మన దేశంలో ఉన్న ప్రమాణం, ఐఎస్ 10500 అంటారు. దాని ప్రకారం కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. టీడీఎస్‌కి, అంటే నీళ్లలో కరిగి ఉన్న మొత్తం పదార్థాలకి, ఆ అంకెలు 500, 2,000. ఆమె బోరు నమూనాలన్నీ ఈ రెండు గీతల మధ్యనే పడ్డాయి. ఇక్కడే మా ఇద్దరికీ పెద్ద వాదన జరిగింది. షాపు ఫైలులో ఒక వాక్యం ఉండేది, కలుషితమైన నీళ్ల వల్లే కిడ్నీ జబ్బులు వస్తున్నాయని. ఆమె కొత్త రిపోర్టులో కూడా అదే రాసుకొచ్చింది, ఈసారి కాపీ కొట్టి కాదు, నమ్మి. వాళ్ల వీధిలో ఎవరిని అడిగినా అదే అంటారు. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటిదాకా ఖాయంగా తేలలేదనీ, ఎండలో పని, నీళ్లలో సిలికా, పురుగుమందులు ఇలా ఎన్నో అనుమానాలు ఉన్నాయనీ, మన ఆరు సీసాలు ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేవనీ అన్నాను.

"మరి మా ఊరోళ్లంతా అబద్ధమా మేడమ్?"

"అబద్ధం అనలేదు. నీ పరీక్షలో అది తేలలేదు అంటున్నాను."

రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఒక పేరా రాసి తెచ్చింది. సారాంశం ఇది: ఊళ్లో 64 ఇళ్లలో ఎక్కువమంది బోరు నీళ్ల వల్లే జబ్బు అని నమ్ముతున్నారు, ఈ నమ్మకం వల్లే నెలనెలా క్యాన్లకి డబ్బు పెడుతున్నారు, ఈ ప్రాజెక్టులో చేసిన పరీక్షలు కఠినత్వం, టీడీఎస్ మాత్రమే, వీటితో జబ్బుకి కారణం చెప్పలేం. ఆ పేరా చూసి నేను చేసిన మార్పు ఒక్క కామా.

భాష సంగతి వేరు. ముందు తెలుగులో రాయమన్నాను, తర్వాత అదే వాక్యాన్ని చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలుగా. రోజుకి పది. నాలుగో వారంలో ఒక రోజు ఉన్నట్టుండి రెండు పేజీల నున్నటి ఇంగ్లిష్ తెచ్చింది, ఒక్క తప్పు లేదు. ఫోన్‌లో చాట్‌జీపీటీకి చెప్పి రాయించిందట. తిట్టలేదు, ఈసారి నేర్చుకున్నాను. పక్కన కూర్చోబెట్టి రెండో పేరా చదివించి, "ఇందులో నీ ఊరు ఎక్కడుంది?" అని అడిగాను. వెతికింది, లేదు. ఏ ఊరికైనా సరిపోయే మాటలు. "ఇది కూడా నాగావళే మేడమ్" అని తనే నవ్వేసి కాగితం మడిచేసింది. కష్టమైన ఇంగ్లిష్ మాటకి అర్థం అడగడానికి ఫోన్ వాడుకో, వాక్యం మాత్రం నువ్వు రాయి అని ఒప్పందం చేసుకున్నాం. ఎంతవరకు పాటించిందో నాకు తెలియదు. వాక్యాలు మళ్లీ వంకరగా రావడం మొదలయ్యాయి కాబట్టి పాటించిందనే అనుకుంటున్నాను.

ఐదో వారంలో నాలుగు రోజులు కనిపించలేదు. అమ్మకి జ్వరం అని ఒకసారి, రైలు దొరకలేదని ఒకసారి చెప్పింది. అసలు కారణం తర్వాత తెలిసింది. హాస్టల్లో ఎవరో ఆమెని "నాగావళీ" అని పిలవడం మొదలుపెట్టారు. దానికి నేను చేయగలిగింది పెద్దగా లేదు. వార్డెన్‌కి చెప్పాను. ఆవిడ మందలించారు. కొన్నాళ్లు గుసగుసగా పిలిచారు, తర్వాత వాళ్లకే విసుగొచ్చింది.

రెండో వైవా

రిపోర్టు 22 పేజీలు. ప్లాస్టిక్ అట్ట లేదు. నోట్‌బుక్ కూడా పక్కన పెట్టుకుని కూర్చుంది. అదే సార్, మళ్లీ అదే ఏడో పేజీ తెరిచారు, కావాలనే అనుకుంటాను.

"ఈ ముసలావిడ కుళాయి నీళ్లు చప్పగా ఉన్నాయంది అని రాశావు. ఎందుకు?"

నీళ్లలో కరిగి ఉన్న ఖనిజాల గురించి మొదట ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు చెప్పి, మూడో వాక్యంలో ఇరుక్కుని, తెలుగులోకి దిగిపోయింది. సార్ ఆపలేదు. నోట్‌బుక్ తీసుకుని పేజీలు తిప్పారు. "రేపు కూడా అడగలేకపోయాను" అన్న చోట కాసేపు ఉండిపోయారు. దాని గురించి ఏమీ అడగలేదు.

నూటికి 58 వచ్చాయి. ఆలస్యంగా ఇచ్చినందుకు కొన్ని మార్కులు కోశారు, లాగ్ బుక్‌కి మొదటిసారి పెట్టినవే ఉంచారు. అది న్యాయమే. వాళ్ల నాన్నకి ఈసారి ఆమె చేతే ఫోన్ చేయించాను. పాసయ్యాను అని చెప్పింది. ఆయన "ఫైను?" అని అడిగారట.

అన్నీ బాగుపడలేదు. ఆ ఆరు వారాలూ ఈ పనిలో పడి ఫిజిక్స్ పేపర్ ఒకటి పోగొట్టుకుంది. తర్వాత సప్లిమెంటరీలో కట్టింది. ఆ లెక్క నేను ముందే వేయాల్సింది. ఒక సబ్జెక్టు నిలబెట్టబోయి ఇంకోటి పడగొట్టాం. ఇంకోసారి ఇలాంటి కేసు వస్తే ఆరు వారాల ప్లాను రాసే ముందు మిగతా సబ్జెక్టుల టైంటేబుల్ ఎదురుగా పెట్టుకుంటాను. అన్నట్టు, పైన చెప్పాను కదా, మాకు కుదరని చోటు ఇదే. ఫిజిక్స్ ఈ ప్రాజెక్టు వల్ల పోలేదనీ, ఎలాగూ పోయేదేననీ ఆమె అంటుంది. నన్ను ఊరడించడానికే అంటోందని నా అనుమానం.

నా పద్ధతి ఒకటి మారింది. ఇప్పుడు జూన్ నెలలో ప్రతి శనివారం పిల్లలు తమ నోట్‌బుక్ పేజీ ఒకటి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాలి, ఏ భాషలో ఉన్నా సరే, ఎంత గజిబిజిగా ఉన్నా సరే. నేను ఒక్క ప్రశ్న అడుగుతాను, ఆ పేజీలోంచే. మనిషికి రెండు నిమిషాలు పడుతుంది. రిపోర్టు అరవై పేజీలు ఉండనక్కర్లేదని మొదటి రోజే చెప్పేస్తున్నాను. ఆ 22 పేజీల రిపోర్టు చూపిస్తున్నాను, ఆమె ఒప్పుకుంది కాబట్టి. నోట్‌బుక్ కూడా చూపిద్దామని జిరాక్స్ అడిగాను. ఇవ్వనంది. అందులో డయాలసిస్ ఇళ్ల పేర్లున్నాయట.

ఈ ఏడాది నా కింద 21 మంది. నిన్న శనివారానికి 17 మంది పేజీలు పంపారు. మిగతా నలుగురిలో ఒకడు మాత్రం స్పైరల్ బైండింగ్ ఫోటో పంపాడు.